చేదర్థక వాక్యం – కంప్యూటర్ పాఠం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన విద్యా సదస్సులో ఉపాధ్యాయులను, పూర్వ విద్యార్థులను, పై తరగతుల బాలబాలికలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాల క్రితం పలకా బలపాలతో ఆరంభమైన ఈ విద్యాలయంలో నేడు కంప్యూటర్ గది కూడా ఉన్నది. అట్టి గదులలో ఏటా తప్పక జరిగే ఒక చిన్న విషయంతో ఈ ప్రసంగాన్ని ప్రారంభించడం ఉచితం. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఒక వాక్యం వ్రాస్తారు: "35 మార్కులు దాటితే ఉత్తీర్ణత." పిల్లలు దానిని ప్రోగ్రాంగా మార్చాలి. ముందు వరుసలోని బాలిక చకచకా ఇలా వ్రాస్తుంది:

ఇఫ్ మార్కులు > 35:
    ప్రింట్("ఉత్తీర్ణత")
ఎల్స్:
    ప్రింట్("అనుత్తీర్ణత")

80 ఇచ్చి చూస్తే ఉత్తీర్ణత అని వస్తుంది. 20 ఇచ్చి చూస్తే అనుత్తీర్ణత అని వస్తుంది. బాలికకు సంతోషం, ఉపాధ్యాయునికి సంతోషం. ఇదే ప్రోగ్రాంను నిజమైన మార్కుల జాబితాపై నడిపితే మాత్రం, రాత్రింబవళ్లు కష్టపడి సరిగ్గా 35 తెచ్చుకున్న పిల్లవాడు తప్పినట్లు అచ్చు పడుతుంది. యంత్రం ఒక్క ఆక్షేపణ కూడా చెప్పదు. అక్షరం పొరబడితే, చుక్క మరచిపోతే అది వెంటనే ఆగి, తప్పు ఫలానా పంక్తిలో ఉన్నదని చూపుతుంది. అర్థం పొరబడితే మాత్రం నిశ్శబ్దంగా, శ్రద్ధగా, అతివేగంగా ఆ పొరపాటునే వేయి మంది పిల్లలకు వర్తింపజేస్తుంది.

ఇందులో తప్పు ఎవరిది? బాలికది కాదు. "దాటితే" అని వ్రాసినది ఉపాధ్యాయుడు. బాలిక దానిని అక్షరాలా అనువదించింది. ఉపాధ్యాయుని మనసులో 35 కూడా చేరి ఉన్నది, ఆయన వాక్యంలో చేరలేదు. మనుషుల మధ్య ఇట్టి వాక్యాలు చెల్లుతాయి, ఎందుకంటే వినేవారు లోటును తామే పూరించుకుంటారు. యంత్రం పూరించుకోదు.

ఈ విషయాన్ని ఇంత విస్తారంగా చెప్పడానికి ఒక కారణం ఉన్నది. తమిళనాడులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో, పిల్లలను బడిలో చేర్పించే వేళ ఒక మాట తరచుగా వినవస్తుంది: తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు కంప్యూటర్ విద్య అబ్బదని. ఆ భయంతోనే ఎందరో తల్లిదండ్రులు ఇంటికి ఆమడ దూరంలోని బడికి పిల్లలను బస్సెక్కిస్తున్నారు. ఈ మాటలో నిజమెంతో తేల్చుకోవడానికి షరతు వాక్యం కంటే మంచి గీటురాయి లేదు. ఈ రాష్ట్రపు పాఠ్యక్రమంలో పై తరగతుల పిల్లలు నేర్చే సి++, పైథాన్ భాషలలో దేనిని తీసుకున్నా ప్రాణమంతా షరతు వాక్యంలోనే ఉన్నది. పైథాన్‌లో దానికి కావలసిన ఆంగ్ల పదాలు ఇఫ్, ఎలిఫ్, ఎల్స్, ఆండ్, ఆర్, నాట్ – వెరసి ఆరు. 2008 డిసెంబరులో వెలువడిన పైథాన్ 3 నుండి చలరాశుల పేర్లను తెలుగు లిపిలోనే వ్రాసుకొనవచ్చును. ఆ ఆరు పదాలను మాత్రం యంత్రంపై ఆంగ్లాక్షరాలలోనే వ్రాయాలి. ఈ ప్రసంగంలో వినే సౌలభ్యం కోసం వాటిని తెలుగు లిపిలో చూపడం జరుగుతున్నది. ఆరు పదాలు నేర్వలేని పిల్లలు ఏ మాధ్యమంలోనూ లేరు. పొరపాట్లు ఆ పదాల వలన రావడం లేదు. నిత్య వ్యవహారంలోని వాక్యాన్ని విడమరచకుండా యంత్రానికి అందించడం వలన వస్తున్నవి. ఆంగ్ల మాధ్యమపు పిల్లలూ సరిగ్గా ఇవే తప్పులు చేస్తారు.

తెలుగు వ్యాకరణంలో షరతు వాక్యానికి చక్కని పేరున్నది: చేదర్థకం. "వర్షం కురిస్తే సెలవు ఇస్తారు", "వర్షం కురిసినచో సెలవు ఇత్తురు" – ఇవి తెలుగు పాఠంలో పిల్లలు నేర్చినవే. దానికి పక్కనే అప్యర్థకం ఉన్నది: "వర్షం కురిసినా బడి నడుస్తుంది." ఈ రెండింటి తేడా తెలిసిన పిల్లవానికి షరతు వాక్యంలో సగం పాఠం వచ్చినట్లే. తక్కిన సగంలో మొదటి ప్రశ్న ఇది: వర్షం కురవకపోతే సెలవా, కాదా? చాలామంది పిల్లలు వెంటనే "కాదు" అంటారు. వాక్యం ఆ మాట చెప్పలేదు. కురవని రోజును గురించి అది మౌనంగా ఉన్నది. ఎల్స్ లేని ఇఫ్ కూడా అంతే. షరతు నెరవేరకపోతే యంత్రం ఆ భాగాన్ని దాటి ముందుకు పోతుంది, ఏమీ చేయదు. అంతకుముందు చలరాశిలో ఏ విలువ ఉన్నదో అదే మిగిలిపోతుంది. నిన్నటి విద్యార్థి ఫలితం నేటి విద్యార్థి పేరు పక్కన అచ్చు కావడానికి అనేక పర్యాయాలు ఇదే కారణం.

మళ్లీ 35 దగ్గరకు రావాలి. సరిహద్దులను తెలిపే తెలుగు మాటలు కొన్ని ఎంతో నిక్కచ్చిగా ఉంటాయి, కొన్ని అస్పష్టంగా ఉంటాయి. "నిండిన" అనే మాట బంగారం వంటిది. 18 ఏళ్లు నిండిన వారు అంటే 18 కూడా చేరినట్లే; >= అనే గుర్తుకు ఇంతకంటే మంచి అనువాదం లేదు. "మించిన" అంటే ఆ సంఖ్య చేరదు. అది > మాత్రమే. "దాటిన", "పైబడిన" అనే మాటలు సందిగ్ధం. "పదవ తేదీలోపు రుసుము చెల్లించాలి" అని ప్రకటన అంటించి, పదవ తేదీన వచ్చిన వారిని వెనుకకు పంపే గుమాస్తా ఎక్కడా ఉండడు. కాని ప్రోగ్రాంలో < అని వ్రాస్తే యంత్రం పంపివేస్తుంది. "ఒకటి నుండి పది వరకు" అంటే తెలుగులో పది కూడా ఉన్నది. పైథాన్‌లో రేంజ్(1, 10) అంటే తొమ్మిదితోనే ఆగిపోతుంది. రాజ్యాంగం 326వ అధికరణం ఓటరు వయస్సును గురించి 18 ఏళ్లకు తక్కువ కాని వారు అనే రీతిలో చెబుతున్నది. న్యాయశాస్త్రజ్ఞులు ఆ వ్యతిరేక రూపాన్ని ఊరక ఎన్నుకొనలేదు. "తక్కువ కాదు" అన్నప్పుడు సరిహద్దు సంఖ్య ఎటువైపున్నదో సందేహమే మిగలదు. నల్లబల్లపై "35కు తక్కువ కాని మార్కులు వస్తే ఉత్తీర్ణత" అని ఉన్న యెడల ఆ బాలిక పొరబడి ఉండేది కాదు.

ఇది చిన్నపిల్లల పొరపాటేనని తేలికగా తీసుకొనరాదు. 2008 డిసెంబరు 31వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థవారి జ్యూన్ అనే పాటల పరికరాలలో 30 గిగాబైట్ల రకానికి చెందినవన్నీ ఒక్కసారిగా స్తంభించిపోయాయి. లోపలి గడియారపు ప్రోగ్రాం, గడచిన మొత్తం రోజుల నుండి ఒక్కొక్క సంవత్సరపు రోజులను తీసివేస్తూ నేటి సంవత్సరాన్ని కనుగొంటుంది. రోజులు 365ను మించి ఉన్నంతవరకు ఆ పని తిరిగి తిరిగి జరగాలి. లీపు సంవత్సరమైతే, రోజులు 366ను మించినప్పుడు 366 తీసివేయమని వ్రాశారు. 2008 లీపు సంవత్సరం. దాని చివరి రోజు సరిగ్గా 366వది. 366 అనేది 365ను మించినది, కనుక యంత్రం లోపలికి వెళ్లింది. 366ను మించినది కాదు, కనుక ఏమీ తీసివేయలేదు. మళ్లీ మొదటికి వచ్చింది. అలా రోజంతా తిరుగుతూనే ఉన్నది. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి, మరునాడు తిరిగి ప్రారంభించిన తరువాతనే ఆ పరికరాలు కోలుకున్నాయి. 35 మార్కుల పిల్లవానికి జరిగినదే 366వ రోజుకూ జరిగింది. సరిహద్దు మీద నిలబడిన సంఖ్యను ఎవరూ పిలిచి పరీక్షించలేదు.

కనుక పిల్లల నోటు పుస్తకం దిద్దేటప్పుడు గుర్తును కొట్టివేసి పక్కన >= అని ఎర్రసిరాతో వ్రాయడం దిద్దుబాటు కాదు. "34 ఇచ్చి చూడు, 35 ఇచ్చి చూడు, 36 ఇచ్చి చూడు" అని చెప్పి ఊరుకోవాలి. మిగిలినది పిల్లలే చేసుకుంటారు.

సరిహద్దు సరిపడిన తరువాత "నుండి – లోపు" అనే జంట షరతులో మరొక చిక్కు ఎదురవుతుంది. గణితంలో వ్రాసినట్లే 35 <= మార్కులు < 60 అని పైథాన్‌లో వ్రాస్తే సరైన అర్థమే వస్తుంది. ఇదే పంక్తిని సి++లో వ్రాస్తే యంత్రం ఆక్షేపించదు గాని అర్థం మారిపోతుంది. ముందు 35 <= మార్కులు అనే ప్రశ్నకు జవాబు వస్తుంది: ఔనంటే 1, కాదంటే 0. ఆ 1నో 0నో 60తో పోలుస్తుంది. రెండూ 60 కంటే తక్కువే. 98 వచ్చినా 12 వచ్చినా షరతు నెరవేరినట్లే. ఒక ఏడాది సి++, మరుసటి ఏడాది పైథాన్ నేర్చే పిల్లలకు ఈ తేడాను ముందుగానే చూపడం మంచిది.

ఇక "మరియు", "లేదా" అనే జంటను గురించి. ఇక్కడే పిల్లలు ఎక్కువగా తడబడతారు. "ఆరవ తరగతి, ఏడవ తరగతి విద్యార్థులు వరండాలోకి రావలెను" అని గంట కొట్టి ప్రకటిస్తే రెండు తరగతులూ వస్తాయి. పిల్లవాడు దానిని ఇలా వ్రాస్తాడు:

ఇఫ్ తరగతి == 6 ఆండ్ తరగతి == 7:

వరండాలోకి ఒక్కరూ రారు. ఒకే సమయంలో ఆరులోనూ ఏడులోనూ చదివే విద్యార్థి లోకంలో లేడు. ప్రకటనలోని "ఇద్దరూ" అనే భావం విద్యార్థుల గుంపును గురించినది. ప్రోగ్రాంలోని షరతు ఒక్కొక్క విద్యార్థిని నిలబెట్టి అడిగే ప్రశ్న. ఈ తేడాను చెప్పిన తరువాత పిల్లవాడు ఆండ్‌ను తీసివేసి ఇలా దిద్దుకుంటాడు:

ఇఫ్ తరగతి == 6 ఆర్ 7:

ఇప్పుడు బడి మొత్తం వరండాలోకి వస్తుంది. ఎందుకని? యంత్రం దృష్టిలో ఇది రెండు వేరు వేరు ప్రశ్నలు. ఒకటి, తరగతి ఆరుకు సమానమా? రెండవది, ఏడు. కేవలం ఏడు. సున్నా కాని సంఖ్య ఏదైనా పైథాన్ దానిని "ఔను" క్రిందనే లెక్కిస్తుంది. ఒకవైపు సదా ఔను అయినప్పుడు రెండవ వైపు ఏమైతేనేమి?

ఈ తప్పుకు మూలం తెలుగు వాక్యపు పోకడలోనే స్పష్టంగా కనబడుతుంది. "ఆరవ తరగతి గాని ఏడవ తరగతి గాని అయితే" అన్నప్పుడు చివరనున్న ఒక్క "అయితే" రెండింటికీ సరిపోతుంది. క్రియ చివరకు వచ్చి ముందున్న వాటినన్నిటినీ మోయడం ఈ భాషకు సహజమైన అందం. యంత్రానికి ఆ అందం తెలియదు. కనుక పిల్లలచేత వాక్యాన్ని విడదీసి పలికించాలి: "తరగతి ఆరు అయితే గాని, తరగతి ఏడు అయితే గాని." ప్రతి అంగానికీ తన కర్త, తన క్రియ ఉండాలి. అట్లు పలికిన పిల్లవాని చేయి తనంతట తానే తరగతి == 6 ఆర్ తరగతి == 7 అని వ్రాస్తుంది. వినడానికి మొరటుగా ఉన్నదని తెలుగు పండితులు నొచ్చుకొనవచ్చు. కంప్యూటర్ గదిలో ఆ మొరటుతనాన్ని మన్నించాలి.

మూడు అంగాలు కలిసినప్పుడు చిక్కు మరికొంత పెరుగుతుంది. ఉదాహరణకు పూర్వ విద్యార్థులు ఒక సహాయ నిధి ఏర్పాటు చేసి, "తండ్రి లేని లేదా తల్లి లేని, ఆదాయం పరిమితి లోపల ఉన్న పిల్లలకు" అని నియమం పెట్టారనుకొనవచ్చు. దానిని వరుసగా తండ్రి_లేరు ఆర్ తల్లి_లేరు ఆండ్ ఆదాయం <= పరిమితి అని వ్రాస్తే, గుణకారం కూడిక కంటే ముందు జరిగినట్లే ఆండ్ ముందుగా ముడిపడుతుంది. తల్లి లేని పిల్లలకు ఆదాయ పరిమితి వర్తిస్తుంది, తండ్రి లేని పిల్లలకు వర్తించదు! కలిగినింటి బిడ్డకు సహాయం అంది, నిధి తరిగిపోయి, లేనింటి బిడ్డ వంతు వచ్చేసరికి చేయి చాచవలసి వస్తుంది. మొదటి రెండింటి చుట్టూ కుండలీకరణాలు వేస్తే సరిపోయే సంగతి ఇది.

వ్యతిరేకార్థం వచ్చినప్పుడు పెద్దలు కూడా పొరబడతారు. ఈ సందర్భంలో స్మరింపదగిన గణిత శాస్త్రజ్ఞుడు అగస్టస్ డి మోర్గాన్. ఆయన ఆంగ్లేయుడే గాని 1806లో పుట్టినది ఈ తమిళనాడులోని మదురైలోనే. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి. శైశవంలోనే ఒక కంటి చూపు పోయింది. కొద్ది నెలల శిశువుగా ఉండగానే కుటుంబం ఇంగ్లండుకు వెళ్లిపోయింది. 1828లో లండన్‌లో కొత్తగా వెలసిన విశ్వవిద్యాలయానికి తొలి గణితాచార్యుడయ్యాడు. 1847లో ఆయన తర్కశాస్త్ర గ్రంథమూ, జార్జి బూల్ వ్రాసిన తర్కగణిత పుస్తకమూ ఒకే సంవత్సరం వెలువడ్డాయి. ఉపాధ్యాయులు తెలుసుకొనదగిన మరొక విశేషం: ఢిల్లీలో పాఠాలు చెప్పుకొనే రామచంద్ర అనే భారతీయ గణితోపాధ్యాయుడు గరిష్ఠ కనిష్ఠాలపై వ్రాసిన గ్రంథాన్ని, దాని విలువ గ్రహించి, 1859లో లండన్‌లో తన పర్యవేక్షణలో అచ్చు వేయించినవాడు డి మోర్గానే.

ఆయన పేరుతో నిలిచిన సూత్రాలు రెండు. "రెండూ నిజం" అనే మాటను కాదంటే, "కనీసం ఒకటి అబద్ధం" అని అర్థం. "ఏదో ఒకటి నిజం" అనే మాటను కాదంటే, "రెండూ అబద్ధం" అని అర్థం. కాదు అనేది లోపలికి చొరబడినప్పుడు ఆండ్ ఆర్‌గానూ, ఆర్ ఆండ్‌గానూ మారిపోతాయి. పిల్లలు ఈ మార్పును మరచిపోతారు. ఆరవ తరగతి గాని ఏడవ తరగతి గాని కాని వారిని లెక్కించమంటే తరగతి != 6 ఆర్ తరగతి != 7 అని వ్రాస్తారు. ఆరవ తరగతి పిల్లవాడు ఏడవ తరగతి వాడు కాదు గదా, కనుక అతనూ లెక్కలోకి వస్తాడు, ఏడవ తరగతి వాడూ వస్తాడు, అందరూ వస్తారు. "ఆరూ కాదు, ఏడూ కాదు" అని రెండు దీర్ఘాలతో పలికిస్తే ఇక్కడ ఆండ్ కావాలని పిల్లలకు వెంటనే తోస్తుంది.

సమాన చిహ్నాన్ని గురించి క్లుప్తంగా చెప్పినా చాలును. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే పండితుడు, రెండు సమాంతర రేఖల కంటే సమానమైనవి మరేవీ ఉండవని తలచి, ఈ గుర్తును గణితంలో ప్రవేశపెట్టాడు. నాలుగు వందల సంవత్సరాల తరువాత, 1957లో ఐబియం సంస్థ వెలువరించిన ఫోర్ట్రాన్ భాషలో ఆ గుర్తుకు "ఈ విలువను ఆ చలరాశిలో ఉంచు" అనే అర్థం ఇచ్చారు. సి భాషలోనూ, దాని వెంట వచ్చిన భాషలలోనూ అదే నిలిచి, పోల్చడానికి == అనే జంట గుర్తు వచ్చింది. ఎనిమిదేళ్లు గణితంలో ఒక అర్థంతో వాడిన గుర్తును హఠాత్తుగా మరొక అర్థంతో వాడమంటే పిల్లలు తికమకపడడంలో వింత లేదు. తెలుగులో ప్రశ్నకు దీర్ఘం చాలు: = ను "ఉంచు" అనీ, == ను "సమానమా" అనీ చదివించాలి. ఇఫ్ పక్కన "ఉంచు" అనే ఆజ్ఞ అతకదని చెవికే తెలిసిపోతుంది. పైథాన్‌లో ఈ తప్పును యంత్రం పట్టుకుంటుంది. సి, సి++లలో అనుమతిస్తుంది. 2003 నవంబరులో లినక్స్ మూల ప్రోగ్రాం ప్రతి ఒకదానిలోకి అజ్ఞాత వ్యక్తి ఒకరు రెండు పంక్తులు చొప్పించారు. చూడడానికి "ఈ వాడుకరి సంఖ్య సున్నాయా" అని అడిగినట్లుండేది; సున్నా అంటే సర్వాధికారి. నిజానికి అక్కడ ఉన్నది ఒక్క = మాత్రమే. అంటే అడగడం కాదు, ఆ వాడుకరిని సర్వాధికారిగా చేయడం! అసలు ప్రతితో సరిపోల్చినప్పుడు తేడా బయటపడినందువలన ప్రమాదం తప్పింది. పిల్లల పొరపాటును దొంగ తన పనిముట్టుగా ఎంచుకున్నాడంటే, అది ఎంత సులభంగా కంటబడకుండా పోతుందో ఊహించవచ్చును.

షరతులు వరుసగా వచ్చినప్పుడు వాటి క్రమం కూడా అర్థంలో భాగమే. 60 నిండితే ప్రథమ శ్రేణి, 50 నిండితే ద్వితీయ శ్రేణి, 35 నిండితే తృతీయ శ్రేణి. పిల్లలు చిన్న సంఖ్యతో మొదలుపెట్టి 35, 50, 60 అని ఇఫ్, ఎలిఫ్, ఎలిఫ్ వ్రాస్తారు. 90 వచ్చిన పిల్లకు తృతీయ శ్రేణి వస్తుంది. 35 నిండినదా అనే మొదటి ప్రశ్నకే ఔనని జవాబు వచ్చి, మిగిలిన ప్రశ్నలను యంత్రం అడగనే అడగదు. దీనిని చూసి భయపడి మరికొందరు ఎలిఫ్ మానివేసి, 60, 50, 35 అని మూడు విడి ఇఫ్‌లు వ్రాస్తారు. అప్పుడు మూడు ప్రశ్నలకూ ఔనే; శ్రేణి చలరాశిలో చివరగా వచ్చి కూర్చున్నది మళ్లీ తృతీయ శ్రేణే. రెండు వేరు వేరు తప్పులు ఒకే ఫలితాన్ని ఇస్తున్నవి, కనుక ఫలితం చూసి తప్పును నిర్ణయించకుండా పంక్తులను వేలితో వెంబడించాలి. రాళ్లూ నూకలూ కలిసిన బియ్యాన్ని ముందు పెద్ద కన్నుల జల్లెడలో పోయాలో, సన్న కన్నుల జల్లెడలో పోయాలో ఇంట్లో నాయనమ్మలకు తెలుసు. పెద్దది ముందు నిలిచిపోవాలి.

ఎల్స్ అనే మాట అన్నిటికంటే ఉదారమైనది, కనుకనే ప్రమాదకరమైనది. "మిగిలినవన్నీ" అని దాని అర్థం. పరీక్షకు రాని విద్యార్థి మార్కుల స్థానంలో -1 అని నమోదు చేసిన యెడల, అతడు ఎల్స్‌లో పడి అనుత్తీర్ణుడవుతాడు. జ్వరంతో మంచం పట్టిన పిల్లవానికీ, వ్రాసి తప్పిన పిల్లవానికీ తేడా లేకుండా పోతుంది. 35కు బదులు వేలు జారి 350 అని నమోదైతే ప్రథమ శ్రేణి వస్తుంది. మార్కులు 0 నుండి 100 వరకు ఉన్నవా అని ముందే అడిగి, గైర్హాజరును వేరుగా చూపి, ఆ తరువాతనే ఉత్తీర్ణత ప్రశ్న అడగాలి.

ఆ ఎల్స్ ఏ ఇఫ్‌కు చెందినదనే వివాదం కూడా ఒకటి ఉన్నది. "వాన కురిస్తే, గొడుగు ఉంటే బయలుదేరు, లేకపోతే ఆగు" అని తల్లి చెప్పినప్పుడు "లేకపోతే" దేనికి? గొడుగు లేకపోతేనా, వాన లేకపోతేనా? ఎండ కాస్తుంటే పిల్లవాడు బడికి రావాలా వద్దా? సి, సి++లలో ఎల్స్ తనకు దగ్గరగా ఉన్న ఇఫ్‌కే చెందుతుంది. పంక్తిని ఎంత లోపలికి జరిపి వ్రాసినా యంత్రం లక్ష్యపెట్టదు. పైథాన్‌లో మాత్రం ఆ జరిపి వ్రాయడమే ప్రమాణం. ఈ తేడా వలన వచ్చే నష్టానికి ఆపిల్ సంస్థ 2014 ఫిబ్రవరిలో సవరించిన లోపం సాక్ష్యం. సురక్షిత సంధానంలో అవతలివారి సంతకాన్ని సరిచూసే భాగంలో, ఇఫ్ క్రింద ఒకే ఆజ్ఞ పొరపాటున రెండుసార్లు వ్రాయబడింది. చుట్టూ పుష్ప కుండలీకరణాలు లేవు. కంటికి రెండూ ఇఫ్ క్రిందనే ఉన్నట్లు కనబడినా, రెండవది షరతు లేకుండా ఎల్లప్పుడూ అమలై, సంతకం పరీక్ష పూర్తి కాకుండానే ముగింపుకు దూకేది. ఒక్క పంక్తికైనా కుండలీకరణాలు వేయాలని ఉపాధ్యాయులు పట్టుబట్టడం చాదస్తం కాదు.

దిద్దుబాటు పద్ధతిని గురించి ఒక్క మాట. తప్పు వ్రాసిన పిల్లవానిచేత ముందుగా ఆ పంక్తిని తెలుగులో బిగ్గరగా చదివించాలి. అతడు ఉద్దేశించిన దానిని కాదు, వ్రాసిన దానిని. పది మందిలో ఏడెనిమిది మంది చదువుతూ చదువుతూనే ఆగి నాలుక కరచుకుంటారు. మిగిలిన వారికి సత్యపట్టిక గీయించాలి. ఈ పనికి యంత్రం అవసరం లేదు. విద్యుత్తు పోయిన రోజున కంప్యూటర్ పిరియడ్ వృథా అయిందని విచారించే ఉపాధ్యాయులు ఈ సంగతి గమనింపగోరుతారు.

చివరగా బాలబాలికలకు ఒక అభ్యాసం. ఒక తరగతి గది తలుపుపై ఒక కాగితం అంటించి ఉన్నది: "పుస్తకం, కలం తేనివారు బయట నిలబడవలెను." రెండూ తెచ్చినవారి విషయంలో తగవు లేదు. రెండూ తేనివారి విషయంలోనూ తగవు లేదు. పుస్తకం తెచ్చి కలం మరచినవారు, కలం తెచ్చి పుస్తకం మరచినవారు – ఈ రెండు వరుసలలోనే చిక్కు ఉన్నది. ఆండ్‌తో ఒకటి, ఆర్‌తో ఒకటి, రెండు షరతులు వ్రాసి, నాలుగేసి వరుసల సత్యపట్టికలు గీసి, ఏ షరతుకు ఎవరు బయట నిలబడతారో పక్కన గుర్తించాలి. ఆ కాగితం అంటించిన ఉపాధ్యాయులు ఈ సభలోనే ఆసీనులై ఉన్నారు. వారు ఉద్దేశించిన అర్థమేదో సోమవారం ఉదయం వారినే అడిగి తెలుసుకొని, సందేహానికి తావులేని వాక్యాన్ని తెలుగులో వ్రాసి ఆ తలుపుపైనే అంటించవలసినది.